‘నాకు సమ్మతమే’ అనే మాటకు విలువ ఎంత?

(మాససభలో భక్తుల సమక్షంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదికపై సాధారణంగా పురాణమో, ధర్మశాస్త్రమో ప్రసంగవిషయంగా ఉంటుంది. ఈనాటి విషయం వినగానే కొందరికి ఆశ్చర్యం కలుగవచ్చు. పిల్లలు ఫోన్లలో ఆడుకొనే ఆటలను గురించి మాట్లాడదలచాను. ఎంతసేపు ఆడాలి, కళ్లు చెడతాయా, చదువు వెనుకబడుతుందా అనే ప్రశ్నలను ప్రతి ఇంటిలోనూ ఇప్పటికే చర్చిస్తున్నారు. వాటిని నేను ముట్టుకోను. ఆట మొదలు కాకముందే జరిగిపోయే ఒక చిన్న పని ఉంది. దానిని గురించి మాత్రం చర్చ లేదు. తెరపై ఒక ఒప్పందపత్రం ప్రత్యక్షమవుతుంది. దాని అడుగున ‘ఐ అగ్రీ’ అని ఒక మీట ఉంటుంది. బిడ్డ దానిని నొక్కుతాడు. ‘నాకు సమ్మతమే’ అని దాని అర్థం. దేనికి సమ్మతించాడు? ఎవరికి సమ్మతించాడు? ఆ సమ్మతి చెల్లుతుందా? ఈ మూడు ప్రశ్నలూ ధర్మశాస్త్రానికి చిరపరిచితమైనవే. అందుచేతనే ఈ వేదికపై వీటిని ఎత్తుకొనే సాహసం చేస్తున్నాను.

యాజ్ఞవల్క్యస్మృతిలో ఆచారం, వ్యవహారం, ప్రాయశ్చిత్తం అని మూడు అధ్యాయాలు. దానికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరావ్యాఖ్య దేశంలో చాలా ప్రాంతాలలో ప్రమాణమైంది. పదమూడవ శతాబ్దంలో మూలఘటిక కేతన దానిని తెలుగు పద్యాలలోనికి తెచ్చాడు. ఆ స్మృతి వ్యవహారాధ్యాయంలో లేఖ్యప్రకరణం ఒకటి ఉంది. పత్రాలు ఎలా రాయాలి, ఏవి చెల్లుతాయి, ఏవి చెల్లవు అనేది అందులోని విషయం. ఋణపత్రం రాయడం ముగిసిన తరువాత ఋణం తీసుకొన్నవాడు తన చేతితో తన పేరు, తండ్రి పేరు రాసి, పైన రాసినది తనకు సమ్మతమని తెలపాలి. సాక్షులు సైతం అదే విధంగా తమ తమ తండ్రుల పేర్లతో తామక్కడ సాక్షులమని రాయాలి.

ఇక్కడ ‘పైన రాసినది’ అనే మాటను గమనించండి. పైన ఏమున్నదో తెలిసినవాడు మాత్రమే కింద సమ్మతి రాయగలడు. అదే స్మృతి, బలప్రయోగంతో గాని కపటంతో గాని రాయించిన పత్రం ప్రమాణం కాదన్నది. మత్తులో ఉన్నవాడు, ఉన్మాది, వ్యాధిపీడితుడు, భయగ్రస్తుడు, బాలుడు చేసిన వ్యవహారం సిద్ధించదన్నది. అంటే సమ్మతికి మూడు లక్షణాలు. తెలిసి ఇవ్వాలి, స్వేచ్ఛగా ఇవ్వాలి, ఇవ్వడానికి అర్హత కలవాడు ఇవ్వాలి. ఈ మూడింటిలో ఒక్కటి లోపించినా అది సమ్మతి కాదు, వట్టి శబ్దం.

బలిచక్రవర్తి దానాన్నే తీసుకోండి. వామనుడు బలిని మోసగించాడని కొందరు తేలికగా అంటూ ఉంటారు. భాగవతం అష్టమస్కంధంలోని కథ అలా లేదు. ధారపోయకముందే శుక్రాచార్యుడు, వచ్చిన వటువు ఎవరో, మూడడుగులలో ఏమి పోతుందో విడమరచి చెప్పాడు. అన్నీ విన్న తరువాతనే బలి దానం చేశాడు. తెలిసి ఇచ్చాడు గనుకనే అతడు దాత అయ్యాడు. తెలియక ఇచ్చి ఉంటే మనం అతణ్ణి దాతగా స్మరించేవాళ్లం కాము.

ఈ దృష్టితో, ప్రసిద్ధమైన ఒక ఆటకు సంబంధించిన ఒప్పందాన్ని మా మనుమడి చేత కాగితాలపై అచ్చు తీయించుకొని, నిఘంటువు పక్కన పెట్టుకొని చదివాను. ఆ ఆట పేరు ఇక్కడ అవసరం లేదు. ఆ ధోరణి దాని ఒక్కదానిదే కాదు. గ్రంథతాత్పర్యాన్ని నిర్ణయించడానికి ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి అని ఆరు లింగాలను మనవారు చెప్పారు. వాటితోనే చదివాను. ఉపక్రమంలో ‘మీ గోప్యత మాకు ఎంతో ముఖ్యం’ అని ఉన్నది. అది అర్థవాదం, అంటే స్తుతివాక్యం. దాని వల్ల ఎవరికీ ఏ కర్తవ్యమూ ఏర్పడదు. విధివాక్యాలు లోపల ఎక్కడో ఉన్నాయి. ‘మేము సేకరిస్తాము’, ‘మా భాగస్వాములతో పంచుకోవచ్చు’, ‘ఇతర దేశాలలో నిలువ చేయవచ్చు’ అనేవి విధులు. స్తుతి మొదటి పుటలో పెద్ద అక్షరాలతోనూ, విధి పదునాలుగవ పుటలో చిన్న అక్షరాలతోనూ ఉంటే, చదువరి స్తుతినే తాత్పర్యంగా భ్రమించడంలో వింత లేదు.

సేకరించే సమాచారానికి ఒక పట్టిక ఇచ్చారు. ఆ పట్టికకు ముందు ‘వీటితో సహా, వీటికే పరిమితం కాకుండా’ అనే మాట ఉన్నది. వ్యాకరణం చదివినవారికి ఇది కొత్త కాదు. పాణినీయ గణపాఠంలో కొన్ని గణాలకు అంతు ఉండదు. ప్రయోగాన్ని చూసి మరికొన్ని శబ్దాలను చేర్చుకోవచ్చు. వాటిని ఆకృతిగణాలంటారు. భాషకు ఆకృతిగణం అందం. పత్రానికి మాత్రం అది అపాయం. ‘నీ ఇంటిలోనుంచి బిందె, చెంబు, వీటికే పరిమితం కాకుండా మరికొన్ని తీసుకొంటాను’ అని రాసిన కాగితంపై మనలో ఎవరు వేలిముద్ర వేస్తారు?

చివరకు ఉపసంహారంలో, ‘ఈ నిబంధనలను మేము ఎప్పుడైనా మార్చవచ్చు, మీరు ఆట కొనసాగిస్తే మారినవాటికి సమ్మతించినట్లే’ అన్నారు. మౌనం అర్ధాంగీకారమని లోకోక్తి. ఇక్కడ మౌనం పూర్ణాంగీకారమైంది. రేపు రాయబోయే పత్రానికి నేడే సంతకం చేయించుకోవడం ఏ స్మృతికారుడూ ఊహించని విషయం.

ఇంతకూ వీరు తీసుకొనేవి ఏమిటి? మనిషి బయట పెట్టకూడని విషయాలు తొమ్మిది అని పూర్వులు లెక్క చెప్పారు. వయస్సు, ధనం, ఇంటి లోపాలు, మంత్రం, దాంపత్యం, ఔషధం, దానం, మానం, అవమానం. ఈ పట్టికను పక్కన పెట్టుకొని ఆటల ఒప్పందాలను చూడండి. ఖాతా తెరిచేటప్పుడే పుట్టిన తేదీ అడుగుతారు, వయస్సు వెళ్లింది. ఆటలో వస్తువులు కొనడానికి కార్డు వివరాలు తీసుకొంటారు. ధనం సంగతి వెళ్లింది. ఫోను ఎక్కడ ఉన్నదో లొకేషన్ చెబుతుంది. ఇల్లు, బడి, గుడి తెలిసిపోయాయి. మైక్ తెరిచి తోటి ఆటగాళ్లతో మాట్లాడుతున్నప్పుడు వెనుక వంటింటిలో జరిగే సంభాషణ సైతం ఆ మాటలతో కలిసి వెళ్లవచ్చు. ఇక మానావమానాల విషయం మరింత సూక్ష్మం. బిడ్డ ఏ ఘట్టంలో ఓడి ఉక్రోషపడతాడు, ఎన్నిసార్లు ఓడిన తరువాత డబ్బు పెట్టి ఆయుధం కొంటాడు, ఏ వేళ నిద్ర మానుకొని ఆడతాడు అనేవి అన్నీ ఆడుతున్నంతసేపూ లెక్కకు ఎక్కించగలరు. తల్లికి తెలియని దౌర్బల్యం సర్వరుకు తెలుస్తుంది. మన గుట్టు తెలిసినవాడికి మనలను ఎక్కడ తాకితే లొంగుతామో తెలుస్తుంది. ఇంటిగుట్టు లంకకు చేటు అనే సామెత ఊరకే పుట్టలేదు.

ఇవి కేవలం ఊహలు కావు. 2011 ఏప్రిల్‌లో సోనీ సంస్థ ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లోనికి దొంగలు చొరబడినప్పుడు సుమారు 7 కోట్ల 70 లక్షల ఖాతాల సమాచారం బయట పడింది. పేర్లు, చిరునామాలు, పుట్టిన తేదీలు అందులో ఉన్నాయి. సంకేతపదాన్ని మార్చుకోవచ్చు. పుట్టిన తేదీని మార్చుకోవడం ఎవరికి సాధ్యం?

2022 డిసెంబరులో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, ఫోర్ట్‌నైట్ ఆటను నడిపే ఎపిక్ గేమ్స్ సంస్థతో 52 కోట్ల డాలర్ల పరిష్కారానికి వచ్చింది. అందులో 27 కోట్ల 50 లక్షలు పిల్లల గోప్యతాచట్టాన్ని ఉల్లంఘించారన్న అభియోగానికి విధించిన జరిమానా. తల్లిదండ్రుల అనుమతి లేకుండా 13 ఏళ్లలోపు పిల్లల సమాచారం సేకరించారని, అపరిచితులతో మాటలు కలిపే సౌకర్యాన్ని పిల్లలకు సైతం మొదటినుంచే తెరిచి ఉంచారని అభియోగం. మిగిలిన 24 కోట్ల 50 లక్షలు, తెలియక మీట నొక్కించి కొనిపించారన్న ఆరోపణపై వాడుకరులకు తిరిగి ఇవ్వవలసిన సొమ్ము. 2023 జూన్‌లో మైక్రోసాఫ్ట్ సంస్థ ఎక్స్‌బాక్స్ విషయంలో 2 కోట్ల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. తల్లిదండ్రులు నమోదును పూర్తి చేయకపోయినా, పిల్లలు అప్పటికే ఇచ్చిన వివరాలను ఏళ్ల తరబడి ఉంచుకొన్నారన్నది అక్కడి అభియోగాలలో ఒకటి.

మన దేశంలో 2020 సెప్టెంబరు 2న కేంద్రప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌తో సహా 118 యాప్‌లను నిషేధించింది. ఆనాడు ఎన్నో ఇళ్లలో పిల్లలు అన్నం మాని అలిగారు. ఆట పోయిందన్న బాధే తప్ప, నిషేధానికి కారణం ఏమిటో చాలామంది విచారించలేదు. వాడుకరుల సమాచారాన్ని అనుమతి లేకుండా, రహస్యంగా దేశం వెలుపలి సర్వర్లకు చేరవేస్తున్నారన్న ఫిర్యాదులు వచ్చాయని ప్రభుత్వ ప్రకటనలోనే ఉన్నది.

వినోదం వంటిదే అయినా ఆలోచింపజేసే సంఘటన మరొకటి చెబుతాను. 2010 ఏప్రిల్ 1న బ్రిటన్‌లోని గేమ్‌స్టేషన్ అనే ఆటల విక్రయసంస్థ తన ఒప్పందంలో ఒక షరతు చేర్చింది. కొనుగోలుదారు తన అమరమైన ఆత్మను ఆ సంస్థకు శాశ్వతంగా అప్పగిస్తున్నాడని దాని భావం. అది ఏప్రిల్ ఒకటవ తేదీ పరిహాసం. షరతు వద్దన్నవారికి 5 పౌండ్ల కానుక సైతం పెట్టారు. అయినా సుమారు 7,500 మంది ఆత్మలను అప్పగించేశారు. ఆత్మ క్రయవిక్రయాలకు లొంగే పదార్థం కాదు గనుక వారికి నష్టం కలుగలేదు. లొంగే పదార్థాలను మాత్రం అదే విధంగా, అంతే తొందరతో మనం రోజూ రాసి ఇస్తున్నాము.

చదవకపోవడం మన దోషమే కదా అని ఎవరైనా అనవచ్చు. ఆ మాట పూర్తిగా న్యాయం కాదు. ఒక మనిషి తాను చూసే అంతర్జాల సంస్థల గోప్యతాపత్రాలన్నీ చదవాలంటే ఏటా 200 గంటలకు పైగా పడుతుందని అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2008లోనే లెక్క కట్టారు. చదవలేనంత పొడవుగా, తెలియని భాషలో, ‘సమ్మతిస్తేనే ఆట, లేకుంటే లేదు’ అనే పద్ధతిలో పత్రం పెట్టినవానికీ అందులో భాగం ఉన్నది. ఇందులో తెలివిడీ లేదు, స్వేచ్ఛా అంతంత మాత్రమే, సమ్మతించినవాడు బాలుడు. స్మృతి చెప్పిన మూడు లక్షణాలూ తప్పాయి.

‘మన దగ్గర దాచుకోవలసినది ఏమున్నదండీ, మనమేమైనా తప్పు చేశామా?’ అని మరికొందరు అడుగుతారు. గుట్టు వేరు, తప్పు వేరు. గురువు మంత్రాన్ని చెవిలో ఉపదేశిస్తాడు. అది తప్పు గనుక కాదు, విలువైనది గనుక. దానం చేసి చెప్పుకోకూడదన్నారు. దానం దోషమా? మనిషికి తనదైన చోటు ఒకటి ఉండాలన్నదే గోప్యతకు మూలం. 2017 ఆగస్టు 24న, పుట్టస్వామి కేసులో, సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో అది అంతర్భాగమన్నది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఆట నడపడానికి కొంత సమాచారం అవసరమే. ఇద్దరిని కలిపి ఆడించాలన్నా, మోసం చేసి గెలిచేవాణ్ణి పట్టుకోవాలన్నా కొన్ని వివరాలు కావాలి. పువ్వు వాడకుండా తేనెటీగ తేనె గ్రహించినట్లు రాజు పన్ను తీసుకోవాలని పెద్దలు చెప్పారు. కావలసినంతే తీసుకోవడం ధర్మం. చదరంగం ఆటకు ఫోనులోని బంధువుల నంబర్లన్నీ ఎందుకు? ఇదే సూత్రం మన కొత్త చట్టంలో ఉన్నది.

2023లో పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం చేసింది. దాని ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, నిర్దిష్టంగా, విషయం తెలిసి, షరతులు లేకుండా, సందేహానికి తావు లేకుండా ఇవ్వాలి. స్పష్టమైన చర్య ద్వారా ఇవ్వాలి. ఆ ప్రయోజనానికి అవసరమైన సమాచారానికే అది పరిమితం. సమ్మతి కోరే పత్రం సులభమైన భాషలో ఉండాలి. ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషలలో దేనిలో గాని చదువుకొనే అవకాశం ఇవ్వాలి. ఆ 22లో మన తెలుగు ఒకటి. ఇచ్చిన సమ్మతిని వెనుకకు తీసుకోవచ్చు; ఇవ్వడం ఎంత సులభమో తీసుకోవడం అంత సులభంగా ఉండాలి. 18 ఏళ్లలోపువారి విషయంలో తల్లిదండ్రుల నిర్ధారిత సమ్మతి కావాలి. పిల్లల ప్రవర్తనను వెంబడించి గమనించడం, వారిని లక్ష్యంగా చేసుకొని ప్రకటనలు చూపడం కూడదు. ఈ బాధ్యతలు మీరితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా విధించవచ్చు. నియమావళి 2025 నవంబరులో వెలువడింది. సంస్థల ప్రధాన బాధ్యతలు అమలులోనికి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. యాజ్ఞవల్క్యుడు చెప్పిన లక్షణాలే ఈ చట్టంలో మరో భాషలో కనిపించడం నాకు సంతోషం కలిగించింది.

చట్టం గుమ్మం దాకా వస్తుంది. గుమ్మం లోపలి పని మనది. అందులో మొదటిది వయస్సు విషయం. ఖాతా తెరిచేటప్పుడు నిజమైన సంవత్సరం వేస్తే ఆట తెరుచుకోదని, పదేళ్ల బిడ్డ తన వయస్సు పద్దెనిమిది దాటిందని రాస్తున్నాడు. అనేక ఇళ్లలో తండ్రే పక్కన కూర్చుండి ‘ఏదో ఒక సంవత్సరం వెయ్యరా’ అంటున్నాడు. ఇందులో రెండు అనర్థాలున్నాయి. బిడ్డ ఆటలో మొట్టమొదటి అడుగు అసత్యంతో వేస్తున్నాడు, అదీ తండ్రి అనుమతితో. రెండవది, చట్టం బాలునికి ఇచ్చిన రక్షణ అంతా ఆ ఒక్క అంకెతో జారిపోతుంది. సంస్థ దృష్టిలో వాడు పెద్దవాడు.

తాతలకు, అమ్మమ్మలకు, నానమ్మలకు ప్రత్యేకంగా ఒక మనవి. మనుమలు వచ్చినప్పుడు మన ఫోను వారి చేతిలో పెడతాము. అమెరికానుంచి సెలవులకు వచ్చిన పిల్లలకు అక్కడ 13 ఏళ్లలోపువారిని రక్షించే చట్టం ఉన్నది. మన ఫోనులో ఆడితే, ఖాతా మనది గనుక, ఆడుతున్నది డెబ్బై ఏళ్ల వృద్ధుడని లెక్క. ఆ వృద్ధుడు రాత్రి పదకొండు గంటలకు తుపాకులు కొంటున్నాడని సర్వరు రాసుకొంటుంది. నవ్వు వస్తుంది గాని, ఆ ఖాతాకే మన పింఛను వచ్చే బ్యాంకు కార్డు జతపడి ఉంటుంది.

కాబట్టి చేయదగినవి ఇవి. పిల్లలకు నిజమైన వయస్సుతో, పెద్దల ఖాతాకు అనుబంధంగా ఖాతా తెరవండి. ఫోను సెట్టింగ్స్‌లో పర్మిషన్లు చూడండి. ఆటకు అవసరం లేని లొకేషన్, మైక్, కాంటాక్టులు తీసివేయండి. ఆటలో బిడ్డ అసలు పేరు, బడి పేరు, ఛాయాచిత్రం పెట్టనివ్వవద్దు. అపరిచితులతో మాట్లాడే సౌకర్యాన్ని మూసివేయండి. కార్డు వివరాలు అందులో నిలువ ఉంచవద్దు. ఓటీపీ పిల్లలకు చెప్పవద్దు. ఆట మానినప్పుడు యాప్‌ను తీసివేస్తే చాలదు. యాప్ పోయినా ఖాతా ఉంటుంది. ఖాతాను రద్దు చేయమని ప్రత్యేకంగా కోరండి. తెలుగులో పత్రం కావాలని అడగండి. అడిగేవారు లేనప్పుడు హక్కు పుస్తకంలోనే ఉండిపోతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది, ఆ మీట నొక్కకముందు బిడ్డ మన దగ్గరకు రావాలి. వచ్చినప్పుడు కసరకండి. కసరితే రేపు రాడు, చాటుగా నొక్కుతాడు. పక్కన కూర్చోబెట్టుకొని, ‘వీళ్లు మననుంచి ఏమి అడుగుతున్నారో చూద్దాం నాయనా’ అని ఒక పుట అయినా కలిసి చదవండి. మనకు ఇంగ్లీషు రాకపోతే వాణ్ణే చదివి చెప్పమనండి. అర్థం కానిచోట ఆగమనండి. చదవకుండా సమ్మతి చెప్పకూడదని ఆ వయస్సులో తెలిసినవాడు, రేపు బ్యాంకు పత్రం ముందు, ఉద్యోగపత్రం ముందు, పొలం దస్తావేజు ముందు కూడా ఆగి చదువుతాడు.